ఊదారాళ్ళ మూట

కొండ మీద సుత్తి ఎత్తకూడదు. మా బాబాయి ఉద్యోగం మొత్తం ఈ ఒక్క ముక్కలో ఉంది. రక్షిత ప్రాంతం అంటే ఏమిటో చెప్పడానికి పై ఆఫీసు వాళ్ళు లావుపాటి పుస్తకం వేసుకున్నారు గానీ, బాబాయి దాన్ని పిండి రెండు మాటలు చేసుకున్నాడు. ఉన్నది ఉన్నచోటే ఉండాలి, రాలింది రాలినచోటే ఉండాలి. ఆ సున్నపురాతి కొండకి ఆయన కాపలాదారు. జీతం గోరంత, పెత్తనం కొండంత అని పిన్ని దెప్పుతూ ఉంటుంది.

నాన్న పోయాక నన్ను పెంచింది వాళ్ళిద్దరే, కొండ కిందున్న క్వార్టర్స్‌లో. బాబాయికి ముక్కు మీదే ఉంటుంది కోపం అని అందరూ అంటారు. నా మీద మాత్రం గట్టిగా కోప్పడింది ఒక్కసారే. చిన్నప్పుడు ఆయన వెంట కొండెక్కి, చూరులా ముందుకొచ్చిన బండ కింద కనిపించిన పచ్చరాయిని గౌను జేబులో వేసుకొచ్చాను. లేత పచ్చ రంగు, ఒక మూల మెట్టులా విరిగి ఉండేది. పిన్ని చూసి మురిసిపోయింది. బాబాయి అన్నం ముందు నుంచి లేచి, నా చెయ్యి పట్టుకుని మళ్ళీ పైదాకా నడిపించాడు. అది ఏ వైపు తిరిగి ఉండేదో గుర్తు తెచ్చుకోమని, అలాగే పెట్టించాడు. దిగేటప్పుడు ఏడుస్తూనే ఉన్నాను. ఆయన భుజాల మీద ఎక్కించుకుని దింపాడు.

పెద్దయ్యాక నేను రాళ్ళ చదువే చదివాను. తీరా చేరింది రాళ్ళని పిండి చేసే ఉద్యోగంలో అని తెలిసి, బాబాయి కొన్నాళ్ళు మొహం మాడ్చుకున్నాడు. "మా కొండ జోలికి రాకుంటే చాలు," అన్నాడు చివరికి.

నా పని నగరంలో, ప్రభుత్వ పరీక్షశాలలో. రాళ్ళలో ఫ్లోరిన్ ఎంతుందో తేల్చాలి. రాయిని క్రషర్‌లో వేసి నలగ్గొట్టి, మెత్తటి పొడి చేసి, క్షారం కలిపి నికెల్ గిన్నెలో పెట్టి కొలిమిలో కరిగిస్తాను. చల్లారాక నీళ్ళలో కలిపి మీటరు ముందు పెడతాను. అదొక తిక్క మీటరు. ఫ్లోరిన్ ఎంత ఎక్కువుంటే అంకె అంత కిందికి దిగుతుంది. కొత్తగా చేరినవాళ్ళు అంకె దిగడం చూసి ఇందులో ఏమీ లేదనుకుంటారు.

మామూలు సున్నపురాయిలో ఫ్లోరిన్ ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు అన్నట్టుంటుంది. కొన్నిచోట్ల మాత్రం ఆ రాతి పగుళ్ళలో ఊదా, పచ్చ, తేనె రంగుల్లో గట్టిపడి కూర్చుంటుంది. చూడముచ్చటగా ఉంటాయి ఆ రాళ్ళు. వాటికోసం కాచుకున్న కంపెనీలకి కొదవలేదు. ఫ్రిజ్జుల్లో గ్యాసుకి అవే కావాలి, అల్యూమినియం తీయడానికి అవే కావాలి, పెనానికి ఏదీ అంటుకోకుండా పూసే పూతకీ అవే కావాలి. పెనం తోముకోవడానికి బద్ధకం వేసి కొండలు తవ్వుకునే జాతి మనది.

అలాంటి కంపెనీ ఒకటి మా కొండని అడిగింది. అడగ్గానే ఇచ్చేయడానికి లేదు కాబట్టి పై ఆఫీసులో ఒక కమిటీ కూర్చుంది. రాళ్ళలో ఫ్లోరిన్ ఫలానా హద్దు కన్నా తక్కువుంటే దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుంది, మళ్ళీ ఎవరూ ఆ ఊసెత్తకూడదు. ఎక్కువుంటే సున్నపురాతి భాగమంతా రక్షణలోంచి తీసేస్తారు. మరి ఎంతుందో చూసేదెలా? సుత్తి వేయకూడదు, డ్రిల్లు దించకూడదు, బయటివాళ్ళు కాలిబాట దాటకూడదు. రాలిపడిన రాళ్ళని కాపలాదారు ఏరి పంపొచ్చు, అంతే. డ్రిల్లుతో చూడాలంటే ముందు రక్షణ తీసేయాలి. తీసేశాక ఇంక చూడ్డం దేనికి? అలా తిరిగి తిరిగి కొండ తలరాత మా బాబాయి కట్టే మూటలోకి వచ్చి పడింది.

ఎలా ఏరాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు. చరియ కింద ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడుస్తూ, అందంగా ఉన్నా లేకున్నా, కాలికి తగిలినవి తగిలినట్టు ఏరాలి. అప్పుడే కొండ మొత్తంలో ఎంతుందో తెలుస్తుంది. మా దగ్గర చేరినవాళ్ళకి మొదటిరోజే నేర్పే పాఠం ఇది. కమిటీ గుమాస్తా బాబాయికి ఫోన్ చేసి చెప్పింది మాత్రం ఒక్కటే. ఓ మూటెడు రాళ్ళు పంపు, కొండని ఇంకా కాపాడాలా అక్కర్లేదా అని పరీక్ష చేస్తారు.

మూట మా దగ్గరికి వచ్చినప్పుడు దాని మీద ఊరూ పేరూ లేదు, ఒక అంకె మాత్రం ఉంది. ఎక్కడివో తెలియకుండా పరీక్షించాలన్నది మా పద్ధతి. మా పెద్దాయన్ని మేం సీలు సారు అంటాం. ఆయన తన టిఫిన్ డబ్బాకి కూడా లక్క సీలు వేస్తాడని మా వెనక గదిలో జోకు. ఆ సీలు సారు మూట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సీలు పగలగొట్టాక కింద ముడి కనిపించింది. రెండుసార్లు వేసి, కొసని లోపలికి దోపిన ముడి. నా బడి సంచికి రోజూ అదే ముడి ఉండేది, పళ్ళతో పీక్కోవాల్సి వచ్చేది. అది ఎక్కడి మూటో నాకు తెలిసిపోయింది.

విప్పి చూస్తే లోపల బూడిదరంగు రాయి ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నీ ఊదా. కడిగి, తుడిచి, ఒరుసుకోకుండా పాత దుప్పటి ముక్కల్లో చుట్టి పెట్టాడు. ఇంటికి ఎవరైనా వస్తే పిన్ని బీరువాలోంచి మంచి గ్లాసులు తీస్తుంది, రోజూ వాడేవి కంటపడనివ్వదు. బాబాయి కూడా అదే చేశాడు. కొండని కాపాడాలా వద్దా అని చూస్తారన్నారు కాబట్టి, కొండలో ఉన్న మంచిదంతా ఏరి పంపాడు. ఆ మూట ముందు నిలబడితే నాకు నవ్వొచ్చింది. దుప్పటి ముక్కలు మడిచి పక్కన పెట్టాను.

పరీక్ష చేశాను. మీటరులో అంకె జర్రున దిగింది. కమిటీ పెట్టిన హద్దు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రిపోర్టు కింద నా మాటగా ఒక వాక్యం రాశాను. ఇవి ఎంచి ఏరిన రాళ్ళు, వీటిని బట్టి కొండ మొత్తాన్ని లెక్కకట్టడం కుదరదని. అంకె అడిగినవాళ్ళకి అభిప్రాయాలు దేనికని సీలు సారు కాసేపు నసిగాడు గానీ ఆ వాక్యాన్ని ఉండనిచ్చాడు. దాని పుణ్యమా అని కమిటీ ఇంకో మూట పంపమంది. రెండోసారి వచ్చిన అంకెతోనే తేల్చేస్తామంది. కొండకి మిగిలింది ఆ ఒక్క మూట.

నేను బాబాయికి ఫోన్ చేశాను. చేయకూడదు. రాళ్ళు ఏరేవాళ్ళతో పరీక్షించేవాళ్ళు ఆ రాళ్ళ గురించి మాట్లాడకూడదు. అయినా చేశాను. క్వార్టర్స్ దగ్గర సెల్లు పలకదు, ఉన్న ఒక్క ఫోనూ రేంజి ఆఫీసులో ఆఫీసరు బల్ల మీద ఉంటుంది. అదెంత గట్టి ఫోనంటే, అవతల మాట్లాడింది గదిలో ఉన్నవాళ్ళందరికీ వినపడుతుంది. బాబాయిని పిలిచిన గొంతు ఆఫీసరుదే. ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడని కుర్చీ కిర్రుమనడంతో తెలుస్తోంది. మంచి రాళ్ళు పంపకు, మామూలువి పంపు అని ఆ మనిషి వింటుండగా ఎలా అనను? కావాలని అంకె తగ్గించమన్నాననుకుంటారు. అందుకని చుట్టూ తిప్పి చెప్పాను.

"మళ్ళీ రాళ్ళు అడిగారట కదా బాబాయ్. నువ్వు పైకి ఎక్కకు. నీ మోకాళ్ళు అసలే బాగా లేవు. కింద చరియ దగ్గర దొరికినవి దొరికినట్టు వేసి పంపెయ్."

 "సరేనమ్మా," అన్నాడు బాబాయి.

ఆ సరేలో ఏదో తేడా ఉంది. ఆదివారం దాకా ఆగి బస్సెక్కాను, ఎదురుగా కూర్చోబెట్టుకుని విషయమంతా చెప్పేద్దామని. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను.

పిన్ని గుమ్మంలోనే ఎదురైంది. "వచ్చావా తల్లీ, రా. మీ బాబాయికి మళ్ళీ పాతికేళ్ళొచ్చాయి, చూద్దువుగాని," అంది.

బాబాయి ముందుగదిలో కుర్చీ మీద కాలు చాపుకుని ఉన్నాడు. మోకాలు వాచి గుండ్రంగా ఉంది. పిన్ని వేడినీళ్ళ గుడ్డ పిండి దాని మీద వేస్తూ, వేసిన ప్రతిసారీ ఓ మాట అంటోంది. నేను ఫోన్ చేసిన మర్నాడే ఆయన పొద్దున్నే బయల్దేరాడట. తాడు కట్టుకుని పై గుహల దాకా, తను కూడా చాలా ఏళ్ళుగా వెళ్ళని చోటుకి పాకి వెళ్ళాడట. మూట నిన్ననే జీపులో పోయింది.

 అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

బాబాయి మొహం మాత్రం వెలిగిపోతోంది. "మోకాళ్ళు అరిగిపోయాయని నువ్వే అంటే ఇంక ఆఫీసు వాళ్ళు అనుకోరూ?" అన్నాడు. "మొదటి మూట వాళ్ళ కంటికి ఆనలేదు, అందుకే మళ్ళీ అడిగారు. ఈ కొండలో ఏముందిలే, తీసిపారేద్దాం అనుకుంటున్నారు. ఈసారి విప్పి చూస్తే వాళ్ళ కళ్ళు చెదరాలి. అలాంటివి ఉన్న కొండని ఎవరైనా వదులుకుంటారా, చెప్పు?"

అప్పుడు చెప్పొచ్చు. చెప్పినా ఆ జీపు వెనక్కి రాదు. ఆ మొహంలో వెలుగు మాత్రం పోతుంది. మూట పోయాక ఈ ఒక్కటీ ఎందుకు పోవాలనిపించింది. పిన్ని నాకు నీళ్ళు తెచ్చింది. బీరువాలోని మంచి గ్లాసులో తెచ్చింది, నేనేదో పైవాళ్ళ మనిషినన్నట్టు. బాత్రూముకి లేవబోయిన బాబాయికి నా భుజం పట్టుకోమన్నాను. "పో, నువ్వు నన్ను మోస్తావా," అని నవ్వి, గోడ పట్టుకుని తనే కుంటుకుంటూ వెళ్ళాడు.

నగరానికి తిరిగొచ్చాక సీలు సారు గదికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ కాపలాదారు మా బాబాయి, ఏరడం తెలియక మేలైనవే ఏరాడు, కొండలో చాలా భాగం ఉత్త బూడిదరంగు సున్నపురాయి, నేను ఆ కొండ మీదే పెరిగాను, నాకు తెలుసు అని. ఆయన అంతా విన్నాడు. చెడ్డమనిషి కాదు. సీలు బిళ్ళని అటూ ఇటూ తిప్పుతూ, ఇంక నేను రాసిన ఆ వాక్యం కూడా చెల్లదన్నాడు. చుట్టం రాసిన మాటని కమిటీ ముందు పెడితే పరీక్షశాల పరువు పోతుందట. మరి నన్ను మీటరు ముందు నుంచి కూడా తప్పించండి అన్నాను. "ఎందుకు? నువ్వు కాకపోతే ఇంకొకరు చేస్తారు. మీటరుకి చుట్టరికాలు తెలియవు," అన్నాడు. నిజం చెబితే మిగిలింది ఇది. నా నోటిని తీసేసి చేతుల్ని ఉంచుకున్నారు.

రెండో మూటని సీలు సారు తనే విప్పి, ఫోటో తీయించి, తూకం వేసి, క్రషర్ దగ్గర నా పక్కన నిలబడ్డాడు. దుప్పటి ముక్కలు ఒక్కొక్కటే విప్పాను. మా గదిలో ఎప్పుడూ అంత రంగు చూడలేదు. ఇంకో బల్ల దగ్గర పనిచేసేవాళ్ళు కూడా వచ్చి చూసి, అబ్బ అని వెళ్ళారు. బాబాయి అనుకున్నంతా అయింది. అందరి కళ్ళూ చెదిరాయి.

అడుగున, మిగతావాటికన్నా మెత్తగా రెండు పొరలు చుట్టి, ఒక పచ్చరాయి ఉంది. ఒక మూల మెట్టులా విరిగి ఉంది.

దాన్ని చేతిలో పట్టుకుని ఎంతసేపున్నానో తెలియదు. జేబులో వేసుకుందామనే అనిపించింది. కోటుకి పెద్ద జేబే ఉంది. ఫోటోలో ఉంది, తూకంలో ఉంది, పక్కన మనిషి ఉన్నాడు. అవన్నీ లేకపోయినా వేసుకోగలిగేదాన్నా అంటే, ఏమో. జేబులో రాయి వేసుకుని కొండ దిగితే ఏమవుతుందో ఒకసారి నేర్చుకున్నదాన్ని. రాయిని క్రషర్ నోట్లో పెట్టి మీట నొక్కాను. సున్నపురాయి అయితే కాసేపు గింజుకుంటుంది. ఇది ఒక్క పటుక్కుతో పోయింది. పొడిలో పచ్చ లేదు, ఊదా లేదు. ఏ రాయి పొడైనా అంతే, తెల్లగా, ఇంట్లో ముగ్గుపిండిలా ఉంది.

పొడిని రెండు పాళ్ళు చేశారు. ఒకటి నాకు, ఒకటి సీలు వేసి కంపెనీ వాళ్ళ పరీక్షశాలకి. నా పాలు నేను కరిగించాను. మీటరులో అంకె దిగింది. ఇంకా దిగింది. ఆగుతుందేమోనని పిచ్చిదానిలా చూస్తూ కూర్చున్నాను. రెండు మూటలకీ ఒకేలా వచ్చింది కాబట్టి ఇంక అనుమానానికి తావు లేదని సీలు సారు కింద తన మాటగా ఒక వాక్యం రాశాడు. దాన్ని ఎవరూ కొట్టేయలేదు.

కొండకి రక్షణ తీసేశారు. తర్వాత జరిగింది పిన్ని ఫోన్లో చెప్పింది. ఈసారి ఆఫీసరు గది ఖాళీగా ఉన్నట్టుంది, లేకపోతే వింటే విననీ అనుకున్నట్టుంది. రేంజి ఆఫీసు ముందు షామియానా వేసి, కమిటీ వాళ్ళూ కంపెనీ వాళ్ళూ వచ్చి మీటింగు పెట్టారు. బాబాయిని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. కొండని కాపాడినందుకే కాబోలనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకెళ్ళాడు. కంపెనీ మనిషి లేచి, ఇన్నాళ్ళూ ఇంత సంపద ఇక్కడుందని ఎవరికీ తెలియదు, మీరు ఏరి పంపిన రాళ్ళే మాకు దారి చూపించాయి అని చేతులు జోడించాడు. అంతా చప్పట్లు కొట్టారు. పరీక్ష చేసింది మీ అమ్మాయేనట కదా అని కూడా అన్నాడట. డ్రిల్లు ఎక్కడెక్కడ దించాలో చూపించడానికి రేపటి నుంచి మీరే మాతో రావాలి, ఆ చోట్లు మీకొక్కరికే తెలుసు అన్నాడట.

"అప్పట్నుంచి అన్నం ముందు కూర్చుంటున్నాడు, లేస్తున్నాడు," అంది పిన్ని. "తిట్టమన్నాను. నన్నైనా తిట్టు అన్నాను. తిట్టడం లేదే."

ఆ వారంలోనే బాబాయి మా ఇంటికి వచ్చాడు. నేనుండేది పై అంతస్తులో. కుంటుతూ ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. వంటింట్లో కుర్చీ వేస్తే కూర్చున్నాడు. ఎందుకు చెప్పలేదని అడుగుతాడనుకున్నాను. దానికి ఏవేవో జవాబులు పెట్టుకున్నాను. ఆయన అది అడగలేదు. ఇల్లంతా చూశాడు. స్టవ్వు మీదున్న నల్లటి పెనం వైపు కూడా చూశాడు, దాని పూత దేనితో చేస్తారో ఆయనకి తెలియదు. చేతిలో గుడ్డసంచి ఒకటి ఉంది, ఖాళీది.

"ఆ పచ్చరాయి ఉందా?" అన్నాడు. "చిన్నప్పుడు నువ్వు జేబులో వేసుకొచ్చావే, అది. అది కూడా పంపాను. దాన్ని చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుందనుకున్నాను."

"తెలుసు బాబాయ్. చూశాను."

"మిగతావాటిలో ఏది ఎక్కడిదో నాకిప్పుడు గుర్తులేదు. దాని చోటు తెలుసు. డ్రిల్లు వాళ్ళు ఇంకా అక్కడిదాకా రాలేదు. ఇస్తే తీసుకెళ్ళి ఎలా ఉండేదో అలా పెట్టేస్తాను."

 ఆయన నా మొహం చూస్తూ ఆగాడు, చిన్నప్పుడు అది ఏ వైపు తిరిగి ఉండేదో చెప్పమని అడిగి ఆగినట్టే.

"లేదు బాబాయ్. పొడి చేసేశాను. నా చేత్తోనే."

తలాడించాడు. కాసేపు సంచి అంచుని వేళ్ళతో సాగదీస్తూ కూర్చున్నాడు. తర్వాత, "పొడైనా ఇవ్వమ్మా," అన్నాడు.

సగం పొడిని నేను నీళ్ళలో కలిపి, అంకె చూసుకుని, సింకులో పారబోశాను. మిగతా సగం లక్క సీలు కింద కంపెనీ వాళ్ళ బీరువాలో ఉంది. "అదీ లేదు," అన్నాను.

 ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నే డ్రిల్లు వాళ్ళు వస్తారు, బస్సుకి టైమైంది అన్నాడు. కిందికి దింపడానికి నేనూ వెళ్ళాను. మెట్ల దగ్గర ఆగి కిందికి చూశాడు, మోకాలు చూసుకున్నాడు. నా భుజం పట్టుకోమన్నాను. ఈసారి కాదనకుండా పట్టుకున్నాడు.